జబ్బుకి పేరెవరు పెడతారు?

2006లో నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఎక్కడ చూసినా చికున్‌గున్యానే. సెలవులకి ఇంటికెళితే అమ్మమ్మ కీళ్ళనొప్పులతో మంచం దిగలేకపోతోంది. ఇంట్లో కోడికూర మానేశారు. ఎందుకమ్మమ్మా అంటే, "పేరులోనే ఉంది కదరా చికెన్ అని!" అంది. ఆ ఫిబ్రవరిలోనే మహారాష్ట్రలోని నవాపూర్‌లో కోళ్ళకి బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆవిడ లెక్కలో రెండూ ఒకటే అయిపోయాయి.

నిజానికి చికున్‌గున్యా తూర్పు ఆఫ్రికాలోని మకొండె భాష మాట. "ఒంగిపోయేలా చేసేది" అని అర్థం. 1952లో ఇప్పటి టాంజానియాలో ఈ జబ్బు ప్రబలినప్పుడు, నొప్పులతో నడుం వంగిన మనుషుల్ని చూసి పెట్టిన పేరు. దాన్ని మోసేది దోమ. పాపం కోడికి ఏ సంబంధమూ లేదు.

అప్పుడు బాగా నవ్వుకున్నాను. పదిహేనేళ్ళ తర్వాత అలాంటి సంగతే మళ్ళీ ఎదురైనప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

2021 మే నెల. నేను అమెరికాలో ఒక క్లయింటు దగ్గర కన్సల్టెంటుని. గుంటూరులో మా బాబాయికి ఆక్సిజన్ ఉన్న బెడ్ కోసం రాత్రంతా ఫోన్లు చేసి, పొద్దున్నే టీమ్ కాల్‌లో చేరాను. ఒకాయన మామూలుగానే అడిగాడు: "ఆ ఇండియన్ వేరియంట్ ఇక్కడికీ వచ్చిందట. నువ్వు ఈ మధ్య ఇండియా వెళ్ళలేదు కదా?" అతను చెడ్డవాడేం కాదు. టీవీలో విన్న మాటే అన్నాడు.

నేను నోరు మెదపలేకపోయాను. దానికో కారణముంది. 2020 ఫిబ్రవరిలో మా తెలుగు వాట్సాప్ గ్రూపులో "చైనా వైరస్" అని జోకులు పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు ఆఫీసులో నా పక్క సీటు చైనా నుంచి వచ్చిన అమ్మాయిది. తెలుగులో కదా, ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

అసలీ పేర్లు ఎవరు పెడతారో అప్పుడు చదవడం మొదలుపెట్టాను. మన భాషలో చెప్పాలంటే ఇందులో మూడు పొరలున్నాయి. జబ్బుకి పేరు పెట్టేది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వైరస్‌కి పేరు పెట్టేది వైరస్‌ల వర్గీకరణ చూసే అంతర్జాతీయ కమిటీ. 2020 ఫిబ్రవరి 11న ఒకే రోజున జబ్బుకి కొవిడ్-19 అనీ, వైరస్‌కి సార్స్-కోవ్-2 అనీ పేర్లు వచ్చాయి. మూడో పొర వేరియంట్లది. శాస్త్రవేత్తలు వాటికి మన వెర్షన్ నంబర్లలాంటివి ఇస్తారు. బి.1.617.2 అలాంటిదే. అక్షరం తర్వాత అంకెలు మూడు మెట్లు దాటితే ఒక కొత్త అలియాస్ మొదలవుతుంది. బి.1.1.529కి అలియాస్ బిఏ. అందుకే బి.1.1.529.2ని బిఏ.2 అన్నారు.

డేటాబేస్‌కి ఇది చక్కటి ప్రైమరీ కీ. కానీ ప్రైమరీ కీని మనుషులు నోటితో పలకరు. డిస్‌ప్లే నేమ్ కాలమ్ ఖాళీగా వదిలేస్తే జనమే ఏదో ఒకటి నింపేస్తారు. చేతికందేది ఊరి పేరో, దేశం పేరో, జంతువు పేరో.

దీని ఫలితం చిన్నది కాదు. 2009లో కొత్త ఫ్లూని అందరూ స్వైన్ ఫ్లూ అన్నారు. అది మనిషి నుంచి మనిషికి అంటుకుంటున్న జబ్బు. అయినా ఈజిప్టు ప్రభుత్వం దేశంలో ఉన్న సుమారు 3 లక్షల పందుల్నీ చంపమంది. కైరోలో చెత్త ఎత్తే కుటుంబాలు ఆ పందులకి మిగిలిపోయిన తిండి పెట్టి బతికేవి. వాళ్ళ బతుకుతెరువు పోయింది, వీధుల్లో చెత్త పేరుకుపోయింది.

జాగ్రత్తపడ్డవాళ్ళూ ఉన్నారు. 1976లో ఇప్పటి కాంగోలో యంబుకు అనే ఊళ్ళో భయంకరమైన జ్వరం వచ్చినప్పుడు, ఆ ఊరికి శాశ్వతంగా మచ్చ రాకూడదని శాస్త్రవేత్తలు కొంత దూరంలో ఉన్న ఎబోలా నది పేరు పెట్టారు. 1993లో అమెరికాలో, నాలుగు రాష్ట్రాలు కలిసేచోట, ఎలుకల నుంచి వచ్చే హాంటా వైరస్ ఒకటి బయటపడింది. పత్రికలు దాన్ని "నవాహో ఫ్లూ" అని రాయడంతో నవాహో తెగవాళ్ళని జనం దూరం పెట్టారు. వైరస్‌కి స్థలం పేరు పెట్టబోతే స్థానికులు ఒప్పుకోలేదు. చివరికి "సిన్ నోంబ్రే" అని పెట్టారు. స్పానిష్‌లో దానర్థం "పేరులేనిది"!

ఈ అనుభవాలన్నిటి తర్వాత, 2015 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల పేర్లకి నియమాలు రాసింది. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, జంతువుల పేర్లు, భయపెట్టే మాటలు వద్దు; లక్షణాన్ని బట్టి పెట్టండి అంది. మన పాత తెలుగు పేర్లు కొన్ని ఎప్పటినుంచో ఇలాగే ఉన్నాయి కదా: పచ్చకామెర్లు, బోదకాలు, కోరింత దగ్గు. ఎవరినీ వేలెత్తి చూపవు. అలాగని మనవాళ్ళు మరీ అమాయకులూ కారు. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలో సిఫిలిస్ పేరు ఫిరంగ రోగం, అంటే పరంగివాళ్ళ రోగం.

మరి నియమాలుండగా 2021లో ఏమైంది? ఆలస్యమైంది. బి.1.617ని ఆందోళనకర వేరియంట్‌గా ప్రకటించింది మే రెండో వారంలో. గ్రీకు అక్షరాల పేర్లు వచ్చింది మే 31న. ఈలోగా "ఇండియన్ వేరియంట్" పాతుకుపోయింది. ఆ మాటున్న పోస్టులు తీసేయమని భారత ప్రభుత్వం సోషల్ మీడియా కంపెనీలకి రాసింది కూడా.

అది మొదట కనపడింది ఇండియాలోనే కదా, ఉన్నమాటే కదా అనొచ్చు. కానీ బగ్ పట్టుకున్న టెస్టర్ పేరే బగ్‌కి పెడితే, రేపటి నుంచి ఎవరు రిపోర్ట్ చేస్తారు? 2021 నవంబరులో ఒమిక్రాన్ గురించి త్వరగా ప్రపంచానికి చెప్పిన దక్షిణాఫ్రికాకి రోజుల్లోనే ప్రయాణ నిషేధాలు బహుమతిగా వచ్చాయి. పేరు మంచిదైనా అలా జరిగింది. ఇక పేరులోనే దేశం ఉంటే చెప్పాలా?

జూన్ మొదటి వారంలో అదే కాల్‌లో ఆ మాట మళ్ళీ వచ్చింది. ఈసారి నేను, "దాన్నిప్పుడు డెల్టా అంటున్నారు" అన్నాను. "ఓ, అలాగా" అన్నాడాయన. ఆ రోజు నుంచి డెల్టా అనే అన్నాడు. అతనికి కావలసింది నోరు తిరిగే ఒక మాట, అంతే.

బాబాయి కోలుకున్నాడు. చైనా అమ్మాయి అప్పటికే వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. ఆమెతో ఏమీ చెప్పలేకపోయాను.

ఇంకో కొత్త జబ్బు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అసలు పేరు వచ్చేదాకా మొదటి వారం రోజులు మన గ్రూపుల్లో దాన్ని ఏమని పిలుస్తామన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. "ఆ కొత్త జ్వరం" అంటే సరిపోతుంది. అందరికీ అర్థమవుతుంది.