మొగ – చేపపిల్లల హాస్టలు

మన పాడేరు కొండల మత్స్యగెడ్డ ఎక్కడికి పోతుందో పటంలో వేలుపెట్టి చూడండి. మాచ్‌ఖండ్ అవుతుంది, సీలేరు అవుతుంది, శబరిలో కలిసి కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. అక్కడనుంచి సముద్రానికి. ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అంటే మన కొండనీరే మొగ దాకా పోతోందన్నమాట.

మొగలో ఏముంటుంది?

పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు లోపలికొస్తుంది, పోటు తీశాక మంచినీరు ముందుకు పోతుంది. ఆ బురదలో మడచెట్లు పెరుగుతాయి. వాటి వేళ్లు పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి. ఆ వేళ్ల సందుల్లో రొయ్యలు, పీతలు, చేపపిల్లలు దాక్కుని పెరుగుతాయి. రాలిన ఆకు కుళ్లి వాటికి మేత అవుతుంది. మనకు హాస్టలు ఎలాగో వాటికి మడ అడవి అలాగ.

పులస దారి

పులస సముద్రపు చేపే. వానాకాలం గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టా పండింది గాని చేపకు దారి మూసుకుంది. ఇప్పుడు పులస ఎక్కువగా ఆనకట్ట దిగువనే దొరుకుతుంది. గంగానదిలో కూడా 1975లో ఫరక్కా బ్యారేజి వచ్చాక ఎగువన ఈ చేప బాగా తగ్గిపోయింది.

మన విశాఖలో

పోర్టు ఉన్నచోటు ఒకప్పుడు మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే ఉప్పుటేరు, బురదనేల. దాన్ని తవ్వి 1933లో లోపలి హార్బరు తెరిచారు. ఓడలొచ్చాయి, తర్వాత స్టీలుప్లాంటు వచ్చింది, ఎందరికో పని దొరికింది. నేను కాదనను. కాని చేపపిల్లలకు నీడ పోయింది. గెడ్డ ఒడ్డున మడ కొద్దిగానే మిగిలింది.

పోయింది మళ్లీ వస్తుందా?

వస్తుంది. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవిలో కొన్నిచోట్ల పోటునీరు పారక, ఉప్పు పేరుకుని చెట్లు చచ్చిపోయాయి. అటవీశాఖ, స్వామినాథన్ ఫౌండేషనువాళ్లు ఊరివాళ్లతో కలిసి చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించారు. నడుమ పెద్ద కాలవ, ఇరుపక్కలా పిల్లకాలవలు. పోటునీరు వచ్చిపోతూ ఉప్పును కడిగేసింది. నాటిన మడ బతికింది.

అమెరికాలో ఎల్వా నదిమీద రెండు డ్యాములు సాల్మన్ చేపల దారి మూశాయి. అక్కడి క్లాలమ్ గిరిజనులు ఏళ్లతరబడి అడిగారు. 2011 నుంచి 2014 లోపల రెండూ తీసేశారు. సాల్మన్లు మళ్లీ ఎగువకు ఎక్కాయి. డ్యాముల వెనక ఆగిన ఇసుక దిగివచ్చి మొగ దగ్గర కొత్త నేల కట్టింది. అడిగింది మనలాంటివాళ్లే, గుర్తుంచుకోండి.

మనమేం చెయ్యాలి?

ధవళేశ్వరం తియ్యమని నేననను, లక్షలమంది అన్నం దానిమీదే ఉంది. కాని మిగిలిన మడను కొట్టకూడదు. గుడ్లకు వచ్చే చేపను, సన్నవలతో పిల్లచేపను పట్టకూడదు. ఫ్యాక్టరీ నీరు శుభ్రం చెయ్యకుండా గెడ్డలో వదలకూడదు. ఇక మనవంతు: సెలవులకు ఊరెళ్లినప్పుడు గెడ్డలో మందు కలిపి చేపలు పట్టేవాళ్లుంటే వద్దని చెప్పండి. ఆ విషం కిందికే పోతుంది. హుకుంపేట దగ్గర మత్స్యగుండంలో చేపలను దేవుళ్లని మొక్కుతారు, పట్టరు. కాపలా లేకపోయినా ఆ కట్టుబాటు నిలిచింది. మొగ దగ్గరా అలాంటిదే కావాలి.