రక్తం కాలేయాన్ని దాటేసి పోతే?

మనం తిన్నది అరిగాక పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. పోర్టల్ సిర దాన్ని ముందు కాలేయానికి చేరుస్తుంది. కాలేయానికి అందే రక్తంలో దాదాపు 75 శాతం ఈ సిర తెచ్చేదే. చెక్‌పోస్టులో లారీని ఆపి సోదా చేసినట్టు, కాలేయం ఆ రక్తంలోని అమోనియా లాంటి విషాలను విరిచేస్తుంది.

1793లో లండన్ సర్జన్ జాన్ అబర్నెతీ, చనిపోయిన 10 నెలల పాప శరీరంలో ఓ వింత చూశాడు. పోర్టల్ సిర కాలేయం జోలికే పోకుండా, గుండెకు వెళ్లే పెద్ద సిరలో కలిసిపోయింది! ఈ అరుదైన లోపానికి ఇప్పటికీ ఆయన పేరే.

ఎందుకిలా? గర్భంలో తొలివారాల్లో పుట్టే సిరల్లో కొన్ని మాయమవ్వాలి, కొన్ని మిగలాలి. ఆ లెక్క తప్పితే అడ్డదారి ఉండిపోతుంది.

అప్పుడు అమోనియా మెదడుకు చేరుతుంది. పిల్లలు మందకొడిగా, మగతగా ఉంటారు. బడిలో పాఠం బుర్రకెక్కదు. పాపం, సోమరి అని తిట్లు కూడా తింటారు. కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసం వస్తుంది, గోళ్లు నీలమవుతాయి.

డాప్లర్ స్కాన్‌లో రక్తం ఎటు పారుతోందో కనిపిస్తుంది. కాలేయం లోపలే ఉండే చిన్న అడ్డదారులు చాలావరకు రెండేళ్లలోపు వాటంతటవే మూసుకుంటాయి. మిగతావాటిని సన్నని గొట్టంతో బిరడా పెట్టో, ఆపరేషన్ చేసో మూస్తారు. ముందు ఆ దారిని బెలూన్‌తో కాసేపు ఆపి, పోర్టల్ సిరలో ఒత్తిడి ఎంత పెరుగుతుందో చూస్తారు. మరీ పెరిగితే ఒకేసారి కాకుండా విడతలుగా మూస్తారు.