నామ్చే బజారులో ఒకరోజు మజిలీ

మీరూ, మీ మిత్రులు ముగ్గురూ కలిసి నేపాలు వెళ్ళారనుకుందాం. ఎవరెస్టు ఎక్కడానికి కాదు. ఆ కొండ పాదం దగ్గరున్న బేస్ క్యాంపుదాకా నడిచి రావడానికి. లుక్లాలో చిన్న విమానం దిగి, దూధ్‌కోసి నది వెంబడి రెండు రోజులు నడిచారు. ఊగే వంతెనలు దాటారు. చివరికి నిట్టనిలువు దారి ఎక్కి, రొప్పుతూ రోజుతూ నామ్చే బజారు చేరారు. కొండవాలున గుర్రపు లాడం ఆకారంలో మెట్లు మెట్లుగా కట్టుకున్న షేర్పాల ఊరిది. ఎత్తు 3,440 మీటర్లు.

తెల్లవారింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. "ఇంకా ఆలస్యమెందుకు, పదండి!" అంటాడు మీలోని తొందరపాటు మనిషి. మీకు దారి చూపే షేర్పా మాత్రం టీ గ్లాసు కింద పెట్టడు. ఈవేళ ఇక్కడే మకాం అంటాడు.

ఒకరోజు దండగ అనిపిస్తుంది కదూ? అలా అనుకునేముందు ఒకసారి మీ సంచీ విప్పి చూడండి. కాఠ్మాండూలో కొన్న బంగాళాదుంప చిప్స్ పొట్లం పూరీలా ఉబ్బి ఉంటుంది. లోపలి గాలి పెరగలేదు, బయటి గాలి ఒత్తిడి తగ్గింది. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. నామ్చేలో అది సుమారు 500. పైకి పోయినకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని కొందరు చెబుతుంటారు. పరీక్షలో అలా రాయకండి! శాతం ఎక్కడైనా దాదాపు 21. కాని గాలి మొత్తమే పలచబడింది కాబట్టి, ఒక్కో శ్వాసకు మీకు అందే ఆక్సిజన్ మన ఊళ్ళో అందేదానిలో మూడింట రెండు వంతులే. బేస్ క్యాంపులో అది సగం. శిఖరం మీద మూడో వంతు. 1981లో క్రిస్టఫర్ పిజో అనే అమెరికన్ వైద్యుడు భారమితిని శిఖరానికి మోసుకెళ్ళి కొలిచాడు. వచ్చిన లెక్క 253 మిల్లీమీటర్లు.

వంటింట్లోకి తొంగి చూస్తే మరో సాక్ష్యం దొరుకుతుంది. నీళ్ళు ఇక్కడ సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపటికీ ఉడకదు. ప్రెషర్ కుక్కర్ కూత లేనిదే ఇంత ఎత్తున పప్పన్నం పొయ్యి దిగదు.

పలచని గాలిలోకి తొందరపడి పోతే ఏమవుతుంది? 1875 ఏప్రిల్ 15న ముగ్గురు ఫ్రెంచి మిత్రులు జెనిత్ అనే బెలూనులో పైకి వెళ్ళారు. కొద్ది గంటల్లోనే 8,000 మీటర్లు దాటారు. ఆక్సిజన్ నింపిన సంచులు వారి పక్కనే ఉన్నాయి. కాని వాటి గొట్టాలు నోటికి అందుకోవడానికి చేతులు లేవలేదు. క్రోచే స్పినెల్లీ, సివెల్ బుట్టలోనే ప్రాణాలు విడిచారు. మూడోవాడు టిసాండియే బతికి ఆ కథ రాశాడు. ఆ క్షణాల్లో తనకు భయమే కలగలేదని, పైగా ఏదో సంతోషంగా ఉండిందని చెప్పాడు. చూశారా, ప్రమాదాన్ని పసిగట్టవలసిన మెదడే ముందు మత్తులో పడింది!

అంతకన్నా ఎత్తున, 1978 మే 8న, మెస్నర్, హాబెలర్ అనే ఇద్దరు ఆక్సిజన్ సిలిండర్లు లేకుండానే ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. వాళ్ళూ మనుషులే. వారాల తరబడి కొండమీద ఎక్కుతూ, దిగుతూ, ఆగుతూ తమ శరీరాలకు గడువు ఇచ్చారు. జెనిత్ వారికి ఆ గడువు లేకపోయింది.

నామ్చేలో మీకు ఇస్తున్నదీ ఆ గడువే. మెడకు రెండు పక్కలా, మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనుల దగ్గర, బియ్యపుగింజంత కణజాలం ఉంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే కనిపెట్టి, శ్వాస పెంచమని ఆజ్ఞ పంపేది అదే. శ్వాస పెరిగితే ఆక్సిజన్ ఎక్కువ వస్తుంది, బాగానే ఉంది. కాని దాంతోపాటు బొగ్గుపులుసు వాయువు అతిగా బయటికి పోయి, రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. అప్పుడు మెదడు శ్వాసకు కళ్ళెం వేస్తుంది. ఒకరు పెంచమంటారు, ఒకరు తగ్గించమంటారు! ఈ తగవు తీర్చేవి మూత్రపిండాలు. అవి బైకార్బొనేట్ అనే క్షారాన్ని మూత్రంలో బయటికి తోస్తాయి. ఆ పనికి ఒకటి రెండు రోజులైనా కావాలి. నామ్చేలో మీరు మాటిమాటికీ పెరట్లోకి పరుగెత్తడానికి కారణం ఇదే కాబట్టి సిగ్గుపడకండి.

మూత్రపిండాలు ఎరిత్రోపాయిటిన్ అనే రసాయనాన్ని కూడా విడుదల చేస్తాయి. దాని కబురు అందుకుని ఎముకల్లోని మజ్జ ఎర్ర రక్తకణాల తయారీ పెంచుతుంది. కబురు కొన్ని గంటల్లోనే చేరుతుంది, సరుకు సిద్ధం కావడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆక్సిజన్ తగ్గిందని కణాలు ఎలా గుర్తిస్తాయో కనిపెట్టినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెన్జాలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

విశ్రాంతి అన్నారు కదా అని దుప్పటి ముసుగు తన్నకండి. మధ్యాహ్నంలోగా మెల్లగా 3,880 మీటర్ల ఎత్తున ఉన్న ఎవరెస్ట్ వ్యూ హోటలుదాకా ఎక్కి, శిఖరాన్ని కళ్ళారా చూసి, మళ్ళీ కిందికి దిగి పడుకోవాలి. పగలు ఎత్తుకు, రాత్రి పల్లానికి అన్నది పర్వతారోహకుల పద్ధతి. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఇలా ఆగాలని వైద్యులు చెబుతారు.

సాయంత్రం భోజనాల దగ్గర అసలు పరీక్ష. మీలో ఒకడు ఆలుగడ్డల కూర ముట్టడు. "ఆకలి లేదురా" అంటాడు. నుదురు నొక్కుకుంటుంటాడు. అడిగితే "అబ్బే, ఏం లేదు" అంటాడు. ఎందుకు దాస్తాడు? తనవల్ల మిగతా ముగ్గురూ ఆగిపోతారని. తలనొప్పి, ఆకలి మందగించడం, వికారం, నిద్రపట్టకపోవడం పర్వతవ్యాధి తొలి గుర్తులు. ఇక్కడ ఆగితే చాలావరకు ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. పట్టించుకోకుండా పైకి పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. అప్పుడు వెంటనే కిందికి దించాలి, అది అర్ధరాత్రి అయినా సరే. 1973లో ఏర్పడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ ఇదే దారిలో, ఫెరిచె అనే ఊళ్ళో వైద్యశాల నడుపుతున్నది ఇటువంటి వారికోసమే.

కాబట్టి వాణ్ణి కసరకండి. "నువ్వు ఆగితే మేమూ ఆగుతాం, కొండ ఎక్కడికీ పోదు" అని ముందు మీరే అనండి. తర్వాత ఎక్కడ నొప్పో వాడే చెబుతాడు.

రాత్రి మెలకువ వస్తే పక్కమంచం వైపు చెవి పెట్టండి. మిత్రుని ఊపిరి జోరుగా సాగి, క్రమంగా సన్నగిల్లి, కొన్ని సెకన్లు పూర్తిగా ఆగి, మళ్ళీ గుప్పున మొదలవుతుంది. గాభరా పడకండి. ఇందాక చెప్పిన కళ్ళెం తగవే నిద్రలో ఇలా వినిపిస్తుంది. ఈ ఎత్తున ఆరోగ్యవంతులకూ ఇది మామూలే. బహుశా మీరూ ఇంతకుముందు అలాగే ఊపిరి తీసి ఉంటారు.

పొద్దున్నే వాణ్ణి వాకిట్లో గీతమీద నడిపించండి, ఒక మడమ రెండో పాదం బొటనవేలికి తగిలేలా. తూలితే కిందికి దారి పట్టండి. తూలకపోయినా తలనొప్పి మిగిలి ఉంటే నామ్చేలోనే ఇంకో రోజు. గీత తప్పకుండా నడిచి, "అల్పాహారం ఏముంది?" అని తనంతట తనే అడిగితే, సంచులు భుజానికెత్తుకోండి. తర్వాతి మజిలీ తెంగ్బోచె మఠం, ఎత్తు సుమారు 3,860 మీటర్లు.