అడిగినప్పుడే పలికే యంత్రాలు

ధ్వనివేగాన్ని మించి దూసుకుపోయే యుద్ధవిమానాన్ని చూచినప్పుడు మన దృష్టి సహజంగా దాని ఇంజను మీదికి, రెక్కల క్రింద వ్రేలాడే ఆయుధాల మీదికి పోతుంది. ఆ లోహశరీరంలో నరాలవలె వ్యాపించిన తీగెల సంగతి ఎవరికీ తోచదు. కాని రాడార్ పసిగట్టిన శత్రువిమానం జాడ పైలట్ ముందున్న తెర మీదికి చేరాలన్నా, అతడు మీట నొక్కగానే క్షిపణికి ఆజ్ఞ అందాలన్నా ఆ తీగెలే ఆధారం. వాటిలో సమాచారం దారి తప్పితే ఎంత శక్తిమంతమైన ఇంజనైనా అతనిని కాపాడలేదు.

పూర్వం ఏ రెండు పరికరాలు మాట్లాడుకోవాలన్నా వాటి మధ్య ప్రత్యేకంగా తీగెలు వేసేవారు. పరికరాలు నాలుగో ఐదో ఉన్నంతకాలం ఇబ్బంది లేకపోయింది. పది పరికరాలలో ప్రతి ఒక్కటీ మిగిలిన అన్నింటితోనూ మాట్లాడవలసివస్తే 45 మార్గాలు కావాలి. ఇరవై అయితే 190. రాడార్, కంప్యూటర్, దిశానిర్దేశక యంత్రం, ఆయుధ నియంత్రణ పరికరం ఒక్కొక్కటిగా వచ్చి చేరేకొద్దీ తీగెల కట్టలు లావెక్కాయి, బరువు పెరిగింది. క్రొత్త పరికరం ఒకటి అమర్చాలంటే విమానం పొట్ట విప్పి మళ్ళీ తీగెలు నేయవలసివచ్చేది.

ఈ చిక్కుకు పరిష్కారంగా అమెరికా వైమానిక దళం 1973లో ‘మిల్-స్టాండర్డ్ 1553’ అనే ప్రమాణాన్ని ప్రకటించింది. దాని భావం సులభమైనదే: పరికరాలన్నింటికీ కలిపి ఒకే ఉమ్మడి తీగె. ఇటువంటి తీగెను ‘బస్’ అంటారు. మన ఊళ్ళలో తిరిగే బస్సుకూ దీనికీ చుట్టరికం ఉంది; రెండింటికీ మూలం ‘అందరికొరకు’ అనే అర్థం గల ‘ఆమ్నిబస్’ అనే లాటిన్ మాట. 1975లో సవరించబడిన రూపాన్ని ఎఫ్-16 యుద్ధవిమానంలో వాడారు. 1978లో వెలువడిన ‘బి’ రూపం నేటికీ వాడుకలో ఉంది. ఎలక్ట్రానిక్ రంగంలో నాలుగేళ్ళకే వస్తువులు పాతబడే ఈ కాలంలో ఇంతటి దీర్ఘాయువు ఎలా సాధ్యమైంది?

హాజరు పట్టీ

ఒకే తీగె మీద అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినిపించదు. అందువల్ల ఇక్కడ ఒక కఠిన నియమం ఉన్నది: అడగనిదే ఎవరూ నోరు విప్పరాదు. అడిగే అధికారం ‘బస్ కంట్రోలర్’ అనబడే ఒక్క కంప్యూటరుకే ఉంటుంది. మిగిలిన పరికరాలు, గరిష్ఠంగా 31, ‘టెర్మినల్స్’ అనే పేరుతో చెవి ఒగ్గి కూర్చుంటాయి. బడిలో పంతులుగారు హాజరు పట్టీ చూచి పేరు పిలిచినప్పుడు ఆ పిల్లవాడొక్కడే పలికినట్లు, తన సంఖ్య వినబడిన టెర్మినల్ మాత్రమే జవాబు చెబుతుంది. అయితే ఈ బడిలో చెయ్యెత్తి లేచి నిలబడే స్వేచ్ఛ కూడా లేదు. ‘నాకొక విన్నపం ఉన్నది’ అని తెలియజేయాలన్నా తనవంతు వచ్చినప్పుడు జవాబులో ఒక గుర్తు పెట్టి ఊరుకోవలసిందే.

మాటలన్నీ ఒకటి, సున్నా అనే గుర్తులతో, అనగా బిట్లతో, ఒకదాని వెనుక ఒకటిగా నడుస్తాయి. వేగం సెకండుకు 10 లక్షల బిట్లు. ఒక్కొక్క ‘పదం’ నిడివి 20 బిట్లు. మొదటి మూడు బిట్ల కాలం ప్రారంభ సూచనకు, తరువాతి 16 బిట్లు విషయానికి, చివరి బిట్ తప్పు పట్టడానికి. కంట్రోలర్ పంపే ఆజ్ఞాపదంలోని 16 బిట్లలో అయిదు ఎవరిని పిలుస్తున్నదీ తెలుపుతాయి. ఒకటి, పంపవలెనో పుచ్చుకోవలెనో చెబుతుంది. మరి అయిదు ఏ అంశమో సూచిస్తాయి. మిగిలిన అయిదు ఎన్ని పదాలో లెక్క చెబుతాయి. ఒక్క విడతలో గరిష్ఠంగా 32 సమాచార పదాలు సాగుతాయి. టెర్మినల్ 4 నుండి 12 మైక్రోసెకండ్లలోగా జవాబు మొదలుపెట్టాలి. మైక్రోసెకండు అనగా సెకండులో పదిలక్షల వంతు.

విమానం ఎటు వంగి ఉన్నదో తెలిపే అంకెలను సెకండుకు ఎన్నోసార్లు అడుగుతారు. నెమ్మదిగా మారే ఉష్ణోగ్రత వంటివాటిని అరుదుగా అడుగుతారు. ఏది ఎప్పుడు అడగాలో నేల మీద ఉన్నప్పుడే పట్టిక వ్రాసి పెడతారు. ఏ సమాచారం ఎంతలోపల చేరుతుందో ఇంజనీరు ముందుగానే కాగితం మీద లెక్కకట్టి చూపగలడు. ఈ ఏర్పాటుకు ప్రాణం వేగంలో కాక ఈ నిశ్చయత్వంలో ఉన్నదని నా అభిప్రాయం.

దెబ్బ తగిలినప్పుడు

యుద్ధవిమానానికి తూటా తగలవచ్చు, పిడుగు పడవచ్చు. అందుకే ఒకే రకమైన రెండు బస్సులు అమర్చి, వాటిని విమానశరీరంలో వేరువేరు దారులలో నడుపుతారు. ఒకదానిమీద జవాబు రాకపోతే కంట్రోలర్ రెండవదానిమీద అడుగుతుంది. ప్రతి బస్సూ ఒకదానితో ఒకటి పెనవేసిన రెండు తీగెలు, వాటిపై లోహపు తొడుగు. బయటి విద్యుదలజడి ఏదైనా తాకితే రెండు తీగెలనూ సమానంగా తాకుతుంది. యంత్రం చదివేది ఆ రెండింటి మధ్య తేడాను గనుక ఆ అలజడి చాలావరకు లెక్కలోకి రాదు. పరికరానికి పోయే కొమ్మతీగె కాలి అతుక్కుపోయినా, మధ్యనున్న ట్రాన్స్‌ఫార్మర్, నిరోధకాలు ఆ దోషం ప్రధాన మార్గానికి ప్రాకకుండా అడ్డుపడతాయి.

అన్నింటికన్న ప్రమాదం, మతి చలించి ఆపకుండా వాగే పరికరం. దానికీ మందు ఉన్నది. ఏ టెర్మినల్ అయినా న్యాయంగా పంపదగిన అతి దీర్ఘ సందేశానికి 660 మైక్రోసెకండ్లు పడుతుంది. 800 దాటకముందే దానిలోనే ఉన్న కాలమాపకం దాని నోరు మూయిస్తుంది. ఇక కంట్రోలరే చనిపోతే? ఆ బాధ్యత స్వీకరించడానికి మరొక కంప్యూటరును సిద్ధంగా ఉంచుతారు.

మన అనుభవం

భారతదేశానికి ఈ ప్రమాణంతో పరిచయం జాగ్వార్ విమానాల ఆధునికీకరణ నాటిది. 1980వ దశకంలో ‘డారిన్’ అనే పథకం క్రింద ఆ విమానాలలో ఈ బస్సు ఆధారంగా క్రొత్త పరికరాలు అమర్చారు. 2002లో మన వైమానిక దళంలో చేరిన సుఖోయ్-30 ఎం.కె.ఐ. కథ మరింత ఆసక్తికరం. విమానం రష్యాది, పరికరాలలో ఫ్రెంచి, ఇజ్రాయెలీ, భారతీయ నిర్మాణాలు ఉన్నాయి. ఇన్ని దేశాల యంత్రాలు ఒక విమానంలో ఇమడడానికి ఈ బస్సు ఉమ్మడి వ్యాకరణమైంది.

కాని వ్యాకరణం కలిసినంతమాత్రాన అర్థం కలవదు. అయిదవ పదంలోని అంకె ఎత్తును సూచిస్తున్నదని తెలిస్తే చాలదు. అది అడుగులలోనా, మీటర్లలోనా? చివరి బిట్ విలువ ఎంత? ఈ వివరాలు పరికరాల తయారీదారుల ఒప్పంద పత్రాలలో ఉంటాయి. ఆ పత్రాలు, కంట్రోలర్‌లోని ప్రోగ్రామ్ విదేశీ కంపెనీ చేతిలో ఉంటే, మనం డబ్బు పోసి కొన్న విమానానికి మన క్షిపణిని తగిలించాలన్నా వారి అనుమతికై ఎదురుచూడవలసి వస్తుంది. సుఖోయ్ మిషన్ కంప్యూటరును బెంగుళూరులోని రక్షణ పరిశోధన సంస్థ రూపొందించడంలోని ప్రాముఖ్యం ఇదే. 2001లో తొలిసారి ఎగిరిన తేజస్‌లోనూ ఇదే ప్రమాణాన్ని వాడారు.

ఈ పద్ధతిలో ఒక లోపం పుట్టుకతోనే ఉన్నది. తీగె మీద పలికేది నిజంగా కంట్రోలరేనా అని టెర్మినల్ ఎన్నడూ ప్రశ్నించదు. 1970వ దశకంలో విమానం లోపలికి అపరిచితుడు చొరబడతాడన్న ఊహ ఎవరికీ లేదు. నేడు నేలమీద పరీక్షలకై తగిలించే కంప్యూటరు ద్వారానో, కల్తీ విడిభాగం ద్వారానో దొంగ ఆజ్ఞ ప్రవేశించే అవకాశాన్ని నిపుణులు తీవ్రంగానే పరిగణిస్తున్నారు. ప్రమాణాన్ని మార్చడం కష్టం గనుక, పట్టికకు భిన్నమైన సమయంలో వినిపించే మాటను పసిగట్టే కావలి యంత్రాల గురించి పరిశోధనలు సాగుతున్నాయి.

వేగం చాలదన్న ఫిర్యాదు మాత్రం పాతదే. దృశ్యాలను, రాడార్ చిత్రాలను మోయడానికి సెకండుకు 10 లక్షల బిట్లు ఏ మూలకూ చాలవు. యూరప్ దేశాలు కలిసి నిర్మించిన టైఫూన్ విమానంలో ఇందుకై సెకండుకు 2 కోట్ల బిట్లు మోసే గాజుపోగుల మార్గం వేశారు. విచిత్రమేమంటే, ఆ మెరుపు మార్గంలో ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ఆజ్ఞాపించే పనిని అదే 1553 తరహా పాత రాగితీగెకు అప్పగించారు.