మన పైసల లెక్క ఏ పెట్టెల ఉన్నది?

ఆ సోమవారం పొద్దున పది గంటలకు పత్‌సంస్థ తలుపు తీసేసరికి బయట పదిహేను మంది నిలబడి ఉన్నారు. ఎక్కువమంది బీడీలు చేసే ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు పవర్‌లూమ్ కార్మికులు. అందరి చేతుల్లో పాస్‌బుక్కులు. కౌంటర్ తెర మీద మాత్రం ఒక్క ఖాతా తెరుచుకోవడం లేదు. లోపలి గదిలో సర్వర్ అని మేము పిలుచుకునే కంప్యూటర్ డిస్కు రాత్రికి రాత్రే చచ్చిపోయింది.

మన సోలాపూర్‌లోని ఆ చిన్న సంస్థలో కంప్యూటర్ పని చూసేది నేనే. ముందు నిలబడ్డ ఒక అవ్వ అడిగింది: "ఏం బిడ్డా, మా పైసలు యాడికి పోయినయ్?"

"పైసలు యాడికి పోలేదు అవ్వా, లెక్క కనబడ్తలేదు" అన్నాను. అన్నాను గానీ, లెక్క లేకపోతే పైసలు ఎవరివో ఎట్లా తెలుస్తుంది? ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

వెనకట అయితే లావుపాటి ఖాతా పుస్తకాలు ఉండేవి. ఇప్పుడు ఆ పుస్తకాల పని డేటాబేస్ చేస్తుంది. అందులో లెక్కలన్నీ పట్టికలుగా ఉంటాయి. ఒక పట్టికలో ఖాతాదారుల పేర్లు, ఇంకో దాంట్లో ఖాతాలు, మరో దాంట్లో రోజువారీ జమా ఖర్చులు. ఖాతా నంబరు ఈ పట్టికలను ఒకదానితో ఒకటి కలుపుతుంది. అందుకే దీన్ని రిలేషనల్ డేటాబేస్ అంటారు. ఈ పద్ధతిని ఐబీఎం కంపెనీలో పనిచేసిన కాడ్ అనే ఆయన 1970లో రాసి చూపించాడు.

మా సంస్థలో నడిచేది మరియాడీబీ. దీని కథ చెప్పుకోదగ్గదే. 1995లో స్వీడన్‌లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ పుట్టింది. దాన్ని తయారుచేసిన వాళ్లలో ఒకరైన మైకేల్ విడేనియస్ తన పెద్ద బిడ్డ 'మై' పేరు దానికి పెట్టాడు. 2008లో సన్ కంపెనీ దాన్ని కొన్నది. 2010లో ఆ సన్‌నే ఒరాకిల్ కొన్నది. పెద్ద కంపెనీ చేతిలో పడితే ఏమవుతుందో అని విడేనియస్ అదే కోడ్‌తో వేరుపడి, చిన్న బిడ్డ పేరుతో మరియాడీబీ మొదలుపెట్టాడు. కోడ్ అందరికీ తెరిచి ఉన్న ఓపెన్ సోర్స్ కాబట్టే అది కుదిరింది. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో 1986లో మొదలైన పని నుంచి వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కూడా ఇట్లాంటిదే. వీటికి లైసెన్సు రుసుము లేదు, చిన్న సంస్థలకు అది పెద్ద మేలు. అయితే సాఫ్ట్‌వేర్ ఊరికే దొరికినంత మాత్రాన దాని కాపలా ఊరికే అయిపోదు. నేను తప్పు చేసింది అక్కడే.

రోజూ రాత్రి పదకొండు గంటలకు మొత్తం లెక్కకు ఒక నకలు తీసేటట్టు ఏర్పాటు చేసి ఉంచాను. పొద్దున చూస్తే ఆ రోజు తేదీతో ఫైల్ ఉండేది. దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని నిశ్చింతగా ఉండేవాణ్ని. డిస్కు పోయిన రోజు ఆ ఫైళ్లు తెరిస్తే గుండె జారింది. గడిచిన ఇరవై మూడు రోజుల ఫైళ్లలో ఏమీ లేదు, అన్నీ సున్నా సైజు. ఇరవై మూడు రోజుల కింద డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను, నకలు తీసే ఆదేశంలో మార్చడం మరిచాను. పాస్‌వర్డ్ తప్పయితే లోపలి లెక్క రాదు, కానీ ఫైల్ మాత్రం పుడుతుంది. నేను ఫైల్ పేరు చూశానే గానీ సైజు చూడలేదు. ప్రతి మార్పునూ రాసిపెట్టే లాగ్ ఉంది గానీ, అది కూడా చచ్చిపోయిన డిస్కులోనే ఉంది.

పాత నకలు ఎక్కించి, మిగిలిన ఇరవై మూడు రోజులు కాగితాల మీద నుంచి తిరిగి రాశాము. ఐదుగురం, ఆరు రాత్రులు. వోచర్ల కట్టలు, పిగ్మీ ఏజెంట్ల నోటుబుక్కులు, ఖాతాదారుల పాస్‌బుక్కులు పక్కపక్కన పెట్టుకుని సరిచూశాము. అంతా అయ్యాక ఒక్క నాలుగు వేల రూపాయలు తేలలేదు. నగదు ఉంది, వోచర్ లేదు. ఎవరు కట్టారో తెలియదు. మూడో రోజు ఆ అవ్వ మళ్లీ వచ్చింది. జర్దా డబ్బాలో దాచుకున్న రసీదులు బల్ల మీద పోసింది. అందులో ఒకటి నాలుగు వేలది, మనవరాలి పెళ్లికని కట్టింది. మా సంతకం, మా ముద్ర దాని మీద ఉన్నాయి. నా కంప్యూటర్ మరిచిన లెక్క ఆమె డబ్బాలో దొరికింది.

తర్వాత తెలిసింది, పెద్దవాళ్లకూ ఇట్లాంటివి తప్పలేదని. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. సుమారు 300 జీబీ క్షణాల్లో పోయింది. రోజువారీ నకళ్లు చూస్తే అవి కొంతకాలంగా రావడమే లేదు. ఆరు గంటల కిందటి ఒక కాపీ వేరేచోట ఉండబట్టి బతికారు. జరిగిందంతా వాళ్లే బయటికి రాసి చెప్పారు.

ఇప్పుడు మేము నకలు మూడు చోట్ల పెడుతున్నాము, అందులో ఒకటి వేరే భవనంలో. నెలకోసారి ఒక పాత కంప్యూటర్‌లో ఆ నకలును నిజంగా ఎక్కించి, అన్ని ఖాతాల మొత్తం రోజు పుస్తకంతో సరిపోయిందా అని చూస్తాము. తిరిగి ఎక్కించి చూడని నకలు నకలే కాదు.

ఇక వేగం సంగతి. మా నాయన మిల్లులో జాబర్. మగ్గం ఆగినాక కాదు, నడుస్తున్నప్పుడే దాని చప్పుడు వినాలె అనేవాడు. డేటాబేస్ కూడా అంతే. పగారాల రోజు పాస్‌బుక్కు ప్రింటు తీయడానికి నలభై సెకన్లు పట్టేది, వరుస రోడ్డు దాకా పోయేది. కొత్త మెషీన్ కొనాలన్నారు. నెమ్మదిగా నడిచే ప్రశ్నలను రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ తెరిచి చూశాను. ఒక్క ఖాతా వివరం కోసం లక్షల వరుసల పట్టికను మొదటి నుంచి చివరి దాకా చదువుతోంది. ఖాతా నంబరు, తేదీ మీద ఇండెక్స్ పెట్టాను. పుస్తకం వెనక అకారాది సూచిక ఉన్నట్టన్నమాట. పని ఒక సెకనులోపే అయింది. అట్లాగని అన్నిటికీ ఇండెక్స్ పెట్టకూడదు. ప్రతి కొత్త జమా పడినప్పుడల్లా ఆ సూచికలన్నీ కూడా దిద్దాలి, రాయడం నెమ్మదిస్తుంది. ఇంకొకటి: మెషీన్‌లో 8 జీబీ మెమరీ ఉన్నా, డేటాబేస్ తన పట్టికలకు వాడుకునే బఫర్ పూల్ మొదట వచ్చిన 128 ఎంబీ దగ్గరే ఉండిపోయింది. దాన్ని 4 జీబీ చేశాను. కొత్త మెషీన్ ఖర్చు తప్పింది.

అసలు భయపడాల్సింది కాపలా గురించి. మా దగ్గర ఖాతాదారుల ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. అయినా అందరూ రూట్ అనే ఒకే పెద్ద తాళంచెవితో లోపలికి పోయేవాళ్లు. ఇంటి నుంచి చూసుకోవడానికి వీలని 3306 నంబరు ద్వారాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచారు. ఇట్లా తెరిచి ఉన్న డేటాబేస్‌లను వెతికి, చెరిపేసి, డబ్బు అడిగే దొంగలు ఉన్నారు. ఆ ద్వారం మూసేశాము. కౌంటర్ కంప్యూటర్లు తప్ప వేరేవి దాన్ని చేరలేవు. ప్రతి గుమాస్తాకు వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. లెక్క చూడవచ్చు, కొత్తది రాయవచ్చు, చెరిపే హక్కు మాత్రం లేదు. తప్పు పడితే ఎదురు ఎంట్రీ వేసి సరిచేయాలి. పాత ఖాతా పుస్తకంలో గీకి దిద్దకూడదనే నియమం ఉండేది కదా, అదే ఇది.

ఖాతాదారులకు నా మాట ఒక్కటే. కంప్యూటర్ వచ్చిందని రసీదు వదిలేయకండి. పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకోండి. సభ్యుల మీటింగులో లేచి అడగండి: "మన లెక్క నకలు యాడ ఉన్నది? ఆఖరుకు ఎప్పుడు తిరిగి ఎక్కించి చూసిండ్రు?" ఈ ప్రశ్న అడగడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు.

మన పిల్లలకు కూడా ఒక మాట. మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ రెండూ పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తాయి, పైసా ఖర్చు లేదు. ఎక్కించండి, పట్టికలు చేయండి, కావాలని చెరపండి, నకలు నుంచి తిరిగి తెచ్చుకోండి. ఆ భయం ఇంట్లోనే తీరిపోతే రేపు ఎవరి పొదుపు లెక్కకైనా కాపలా ఉండగలరు.

ఆ అవ్వ మొన్న మళ్లీ కౌంటర్ దగ్గరికి వచ్చింది. నాలుగు వందలు కట్టింది. నేను రసీదు ఇస్తే, సంతకం ఉందా లేదా అని వెలుతురుకు పట్టి చూసుకుని డబ్బాలో పెట్టుకుంది.