సానరాయికి ఏ నూనె?

వేప్పనపల్లి పక్క రాగికోతలకు ముందు కొడవళ్ళు సాన పట్టేటప్పుడు, చేతికందిన వంటనూనే రాతిమీద పోస్తుంటాం. మేమూ ఏళ్ళ తరబడి అదే చేశాం. పదును పెట్టేది నూనె కాదు, రాయే. అరిగిన ఇనుపపొడి రాతి రంధ్రాల్లో దిగకుండా పైకి తేల్చడమే నూనె పని. వంటనూనె గాలికి జిగురు కడుతుంది. మా తాతగారి రాయి అలాగే నున్నబడి, కత్తి జారిపోతుంటే పారేయబోయాం. పొయ్యికి దూరంగా, కిరసనాయిలులో రాత్రంతా నానబెట్టి బ్రష్షుతో రుద్దితే నల్లటి మడ్డి వదిలింది. రాయి మళ్ళీ ఇనుము పట్టింది.

ఇప్పుడు కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలే వేస్తున్నాం, పనయ్యాక గుడ్డతో తుడుస్తున్నాం. కొత్త కార్బోరండం రాయికి నీళ్ళైనా సరిపోతాయి. కానీ ఒకసారి నూనె తాగిన రాయికి నీళ్ళు అంటవు. వంటింటి కత్తినైతే సబ్బుతో కడిగాకే మామిడికాయ కోయండి.