మీకు తెలుసా? కంపు కుందేలుది కాదు

కుందేలు ఒంటికి దాదాపు వాసనే ఉండదు. నాలుకతోనూ ముందుకాళ్లతోనూ రోజంతా ఒళ్లు తుడుచుకుంటూనే ఉంటుంది. కుందేలును పెంచుకునే ఇంటి తలుపు తీయగానే ముక్కుకు తగిలే ఘాటు దాని మూత్రానిది. సరిగ్గా చెప్పాలంటే, నిల్వ ఉన్న మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు పుట్టే అమ్మోనియాది. గడ్డి తినే జంతువు కాబట్టి కుందేలు మూత్రానికి క్షారగుణం ఉంటుంది, పీహెచ్ 8 దాటడం మామూలే. అలాంటి ద్రవంలో అమ్మోనియా నిలవదు, వాయువై గాల్లో కలుస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో రెండు రోజులకోసారి ట్రే మార్చినా గడిచిపోయిన ఇల్లు, రోహిణి కార్తెలో పూట గడవకముందే ఘాటెక్కేది ఇందుకే.

అందుకే సువాసనలు కొని చల్లడం కంటే మూత్రాన్ని త్వరగా బయటికి పంపడం మీద దృష్టి పెట్టమంటాను. డబ్బు మిగలడం సరే, అంతకంటే ముందు కుందేలు ప్రాణం నిలుస్తుంది.

నోటితో ఊపిరి తీయలేదు

మనకు జలుబు చేస్తే నోరు తెరిచి గాలి పీలుస్తాం. కుందేలుకు ఆ వీలు లేదు. దాని గొంతు నిర్మాణమే ముక్కుతో మాత్రమే ఊపిరి తీసేలా ఉంటుంది. నోరు తెరిచి రొప్పుతోందంటే అప్పటికే ప్రాణం మీదికి వచ్చినట్టు. నిమిషానికి 20 నుంచి 120 సార్లు అదిరే ఆ ముక్కు, గదిలో ఏది తేలుతున్నా లోపలికి లాగేసుకుంటుంది. అమ్మోనియా ముక్కు లోపలి పొరను మండిస్తే, అప్పటిదాకా అక్కడే ఊరికే పడి ఉన్న పాశ్చురెల్లా మల్టోసిడా వంటి బ్యాక్టీరియా విజృంభిస్తుంది. తుమ్ములు, చిక్కటి చీమిడి మొదలవుతాయి. ముందుకాళ్ల లోపలివైపు బొచ్చు అట్టకట్టి ఉందంటే అది చీమిడి తుడుచుకున్న గుర్తు. వాసన తెలియకపోతే కుందేలు తిండి ముట్టదు, తిండి ఆగితే పేగుల కదలికా ఆగిపోతుంది. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ట్రే శుభ్రంగా ఉందో లేదో నిలబడి చూస్తే తెలియదు. బయటికి వెళ్లొచ్చిన వెంటనే నేల మీద కూర్చుని, కుందేలు ముక్కు ఉండే ఎత్తులో మీ ముఖం పెట్టి చూడండి. ఇంట్లోనే ఉండేవారి ముక్కు ఆ ఘాటుకు అలవాటు పడిపోయి ఉంటుంది.

సాంబ్రాణి, అగరొత్తులు, కలరా ఉండలు

తెలుగిళ్లలో సాయంత్రం దీపం పెట్టాక అగరొత్తి వెలిగించడం, శుక్రవారం సాంబ్రాణి వేయడం ఎవరూ మానుకోలేరు, మానుకోమని నేను చెప్పను. కానీ ఏ పొగైనా సన్నటి నుసే, కుందేలు ఊపిరితిత్తులు చాలా చిన్నవి. పూజ ముగిసేదాకా దాన్ని వేరే గదిలో ఉంచి తలుపు వేయండి. తర్వాత కిటికీలు తెరిచి, పొగ పూర్తిగా పోయాకే బయటికి వదలండి. దోమల చుట్టల విషయంలోనూ ఇదే పద్ధతి. గోడకు తగిలించే రూమ్ ఫ్రెషనర్లలో ఆవిరి ఒక ఇబ్బందైతే, వైరు మరో ఇబ్బంది. కుందేలుకు వైరు కనిపిస్తే కొరకకుండా ఉండలేదు.

కర్పూరం బిళ్లలు మూర్ఛ తెప్పించగల పదార్థం, అందనంత ఎత్తులో ఉండాలి. బీరువాలో, బాత్రూమ్ మూలల్లో వేసే కలరా ఉండలు మాత్రం కుందేలున్న ఇంట్లో అసలే వద్దు. అందులోని నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. నేల మీద తెల్లగా దొర్లేది ఏదైనా కుందేలు నోట పెట్టి చూస్తుంది. ఇక నీలగిరి తైలం, టీ ట్రీ నూనె, పైన్ నూనె వంటి ఘాటైన తైలాలను డిఫ్యూజర్‌లో పోసి కుందేలు ఉండే గదిలో పెట్టకండి. ‘సహజం’ అని సీసా మీద రాసి ఉన్నంత మాత్రాన దాని ముక్కు పొరకు మంట తగ్గదు.

కుందేలు పాదానికి మెత్తలు ఉండవు

కుక్కకూ పిల్లికీ అరికాళ్లలో ఉండే మెత్తలు కుందేలుకు లేవు. అడుగు భాగమంతా బొచ్చే. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద అది నడిస్తే, ఆ బొచ్చు ద్రావకాన్ని పీల్చుకుంటుంది. కాసేపటికి కాళ్లు నాకినప్పుడు అదంతా కడుపులోకి పోతుంది. తిన్నది వాంతి చేసుకునే శక్తి కుందేలుకు లేదు కాబట్టి లోపలికి పోయింది లోపలే ఉంటుంది. ఫినాయిల్ తప్పదనుకున్న రోజున దాన్ని వేరే గదిలో పెట్టండి. తర్వాత మంచినీళ్లతో మరోసారి తుడిచి, నేల బాగా ఆరాకే తిరగనివ్వండి.

తెల్లటి గార, తాండూరు బండ

చాలా జంతువులు తిండిలో అదనంగా వచ్చిన కాల్షియాన్ని పేగులోనే వదిలేస్తాయి, మూత్రంలోకి చేరేది 2 శాతంలోపే. కుందేలు శరీరం అలా కాదు. తిన్న కాల్షియాన్ని దాదాపుగా ఒంటికి పట్టించుకుని, మిగులులో సగం వరకు మూత్రంలో పంపేస్తుంది. అందుకే దాని మూత్రం తరచు మబ్బుగా ఉంటుంది, ఆరితే ట్రే అడుగున తెల్లటి గార కడుతుంది. అది కాల్షియం కార్బొనేట్. వాసన వదలకపోవడానికి ఆ గార కూడా ఒక కారణం, గరుకైన పొరలో మూత్రం దాగి ఉంటుంది.

దీనికి వంటింటి వెనిగర్ చాలు. సగానికి సగం నీళ్లు కలిపి ట్రేలో పోసి పావుగంట ఉంచితే బుడగలు లేచి గార మెత్తబడుతుంది, కడిగేస్తే పోతుంది. అదే ఆమ్లం అమ్మోనియాను కూడా వాసన లేని లవణంగా మార్చేస్తుంది. వెనిగర్ వాసన ఆరగానే పోతుంది.

కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన ఇళ్లలో పరిచే తాండూరు బండలు, షాబాద్ బండలు, కడప బండలు సున్నపురాయి. పాలరాయి కూడా ఆ జాతిదే. అంటే అవి కూడా కాల్షియం కార్బొనేటే. గారను కరిగించిన వెనిగర్ ఆ బండ నిగనిగను కూడా తినేసి మచ్చ చేస్తుంది. వాటి మీద మూత్రం పడితే వెంటనే పాత బట్టతో ఒత్తి తీసి, సబ్బు నీళ్లతో కడగండి. పెంపుడు జంతువుల మూత్రపు మరకలకని అమ్మే, సువాసన కలపని ఎంజైమ్ క్లీనర్ దొరికితే ఇంకా మంచిది. వెనిగర్‌ను ప్లాస్టిక్ ట్రేకి, మామూలు టైల్స్‌కి దాచుకోండి.

వంట సోడా చల్లితే వాసన పోతుందని చాలామంది చెబుతారు. అమ్మోనియా క్షారం, సోడా కూడా క్షారమే. ఒకదాన్నొకటి చెరపలేవు. పైగా ట్రేలో చల్లిన సోడా గడ్డితోపాటు కుందేలు కడుపులోకి చేరుతుంది.

బ్లీచింగ్ పౌడర్‌తో మరీ జాగ్రత్త. మూత్రం ఉన్న చోట దాన్ని వేస్తే క్లోరమిన్ అనే విషవాయువు వస్తుంది, వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. రెండూ కుందేలుకే కాదు, కడుగుతున్న మనిషికీ ప్రమాదమే.

పొట్టు ఏ చెట్టుదో అడగండి

వడ్రంగి దుకాణం నుంచి ఉచితంగా వచ్చే చిత్రిక పొట్టు కమ్మటి వాసన వేస్తుంది, ట్రేకి బాగుంటుందనిపిస్తుంది. అది పైన్ చెక్కదో, సెడార్ చెక్కదో అయితే ఆ కమ్మదనమే చిక్కు. ఆ చెక్కల నుంచి వచ్చే ఆవిర్లు కాలేయంలో మందులను విరిచే ఎంజైములను పెంచుతాయని ప్రయోగశాల ఎలుకల మీద చేసిన పరిశోధన 1967లోనే వెలువడింది. అలాంటి పొట్టు మీద బతికే జంతువుకు రేపు మత్తుమందు ఇవ్వాల్సి వస్తే, లెక్క ప్రకారం ఇచ్చిన మోతాదు సరిగ్గా పనిచేయకపోవచ్చు. పిల్లుల కోసం అమ్మే, తడిస్తే ఉండకట్టే మట్టి లిట్టర్ కూడా వద్దు. దాన్ని తింటే పేగులో అడ్డుపడుతుంది.

నా ఓటు పాత దినపత్రికలకే. అడుగున నాలుగైదు పొరల పేపరు, పైన ఎండుగడ్డి, అంతే. తినేచోటే విసర్జించడం కుందేలు అలవాటు. గడ్డి బుట్ట ట్రే పక్కనే వేలాడదీస్తే అది తనంతట తానే ట్రేలో కూర్చుంటుంది, మూత్రం ఇల్లంతా పడకుండా ఒక మూలకే చేరుతుంది. రోజుకోసారి తడిసిన పేపరు తీసేయాలి, ఎండాకాలం రెండుసార్లు. వానాకాలంలో గడ్డి బూజు పట్టిందేమో చూసి మరీ వేయండి.

గుండ్రటి ఎండు పెంటికల గురించి బెంగ అక్కర్లేదు. రోజుకు 200 పైచిలుకు వేసినా అవి ఒట్టి పీచే, వాసన దాదాపు ఉండదు. మిద్దె తోట ఉన్నవారికి అది బంగారం. మగ్గబెట్టకుండానే నేరుగా కుండీల్లో వేయొచ్చు.

వాసన వేసే మెత్తటి గుత్తులు కనిపిస్తే మాత్రం అది వేరే కథ. ద్రాక్ష గుత్తిలా అంటుకుని ఉండే వాటిని కుందేలు నేరుగా తినేయాలి, దానికి కావలసిన విటమిన్లు అందులోనే ఉంటాయి. తినకుండా వదిలేస్తోందంటే దాణా, పండ్లు ఎక్కువై గడ్డి తక్కువైందని అర్థం. తిండిలో నూటికి 80 వంతులు ఎండుగడ్డి ఉండేలా సర్దితే ఆ వాసన పోతుంది.

ఆపరేషన్‌తో తగ్గే వాసన

ఈడొచ్చిన మగ కుందేలు గోడల మీద, సోఫాల మీద, ఒక్కోసారి మీ మీద కూడా మూత్రం చిమ్ముతుంది. ఆ మూత్రం ఘాటు కూడా ఎక్కువే. వృషణాలు తీయించిన కొన్ని వారాల్లో రెండూ బాగా తగ్గుతాయి. ఆడదానికి గర్భసంచి తీయించడం వాసన కంటే పెద్ద విషయం, నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో గర్భాశయ క్యాన్సర్ అంత ఎక్కువ. కుందేళ్లకు ఆపరేషన్ చేసిన అనుభవం ఉన్న పశువైద్యులనే వెతకండి. ముందు రోజు రాత్రి నుంచి పస్తు పెట్టమంటే ఒకటికి రెండుసార్లు అడగండి. వాంతి చేసుకోలేని జంతువుకు ఆ పస్తు అవసరం లేదు, పైగా పేగులకు చేటు.

వాసన వస్తోందని కుందేలుకు స్నానం మాత్రం చేయించకండి. భయంతో తన్నుకుని వెన్నెముక విరగ్గొట్టుకున్నవి ఉన్నాయి. వెనుక భాగం మురికైతే తడి బట్టతో అంతవరకే తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

ట్రే శుభ్రంగా ఉన్నా, గది గాలి బాగున్నా కుందేలు దగ్గరికి వెళ్తేనే కుళ్లు వాసన వస్తోందా? వెంటనే దాన్ని ఒడిలోకి తీసుకుని తోక కింద చూడండి. మూత్రంతోనో మెత్తటి పెంటతోనో తడిసిన బొచ్చు మీద ఈగలు గుడ్లు పెడతాయి. వానాకాలపు ఉక్కలో ఒక్క రోజులోనే అవి పురుగులై చర్మాన్ని తొలిచేస్తాయి. పురుగు ఒక్కటి కనబడినా ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బొద్దుగా ఉన్నవీ, ముసలివీ తమ వెనుక భాగాన్ని తామే శుభ్రం చేసుకోలేవు. అలాంటి కుందేలుంటే జూన్ నుంచి అక్టోబరు దాకా పొద్దునా సాయంత్రం ఒకసారి చూడాలి.